గని గట్టున నిలబడి పీటర్ గాలిసన్‌ను చదవడం

(కడపలో మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా అంశం చూసి చాలామంది ఆశ్చర్యపోయారని నిర్వాహకులు చెప్పారు. కనీస వేతనాలు, గృహహింస చట్టం, భూమి పట్టాల మధ్యలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఒక భౌతికశాస్త్ర చరిత్రకారుడి సినిమాలేమిటని అడిగారట. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడికి వేముల మండలం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళున్నారు. దేవనకొండ వైపు నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. మీ బోరు నీళ్ళ గురించి మీరు అడిగిన ప్రతిసారీ "అది సైన్సు విషయమమ్మా, మీకర్థం కాదు" అన్న మాట విన్నారు. అర్థమయ్యేలా అడిగితే "అది దేశ రహస్యం" అన్న మాట విన్నారు. ఈ రెండు మాటలూ ఎలా పుట్టాయి, ఎవరి చేతిలో ఎలా పనిచేస్తాయి అన్నది జీవితమంతా పరిశోధించినవాళ్ళు ప్రపంచంలో కొద్దిమందే. వాళ్ళలో పీటర్ గాలిసన్ ఒకడు. నేనాయనకు భక్తురాలినేమీ కాదు. ఎక్కడ ఆయనతో పేచీ ఉందో అదీ చెబుతాను.

ఆయన 1955లో న్యూయార్క్‌లో పుట్టాడు. 1983లో హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం, విజ్ఞానశాస్త్ర చరిత్ర, ఈ రెండూ కలిపి డాక్టరేట్ తీసుకున్నాడు. కణభౌతికశాస్త్రం చదివినవాడు ఆ శాస్త్రం చరిత్రను రాశాడు. చరిత్ర రాస్తూ రాస్తూ కెమెరా పట్టుకున్నాడు. ఈ మూడూ వేరు వేరు ఉద్యోగాలని మనం అనుకుంటాం. ఆయన దృష్టిలో మూడింటికీ ఒకటే ప్రశ్న: ఒక విషయం "నిజం" అని తేలేదాకా దాని వెనక ఎవరెవరి చేతులు పనిచేశాయి?

మన దగ్గర ఇలాంటి దారి దొరకడం ఎంత కష్టమో ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. పదోతరగతి పాసైన పదహారేళ్ళ పిల్లను "ఏ గ్రూపు?" అని అడుగుతాం. ఎం.పి.సి.లో చేరితే చరిత్ర అక్కడితో సరి. సి.ఇ.సి.లో చేరితే భౌతికశాస్త్రం అక్కడితో సరి. ఇంట్లో ఫీజులకు డబ్బు తక్కువైతే కొడుక్కి కార్పొరేట్ కాలేజీలో ఎం.పి.సి., కూతురికి ఊళ్ళో ఉన్న గ్రూపేదో అది. నేను పరిశోధన చేసే రోజుల్లో ఒక పెద్దమనిషి, పేరెందుకులెండి, "సోషియాలజీ అమ్మాయికి రేడియేషన్‌తో పనేముంది?" అన్నాడు. ఆ నీళ్ళు తాగేది మనుషులైనప్పుడు సోషియాలజీకి కాక ఇంకెవరికి పని?

గాలిసన్ మొదటి పుస్తకం 1987లో వచ్చింది. ప్రయోగాలు ఎలా ముగుస్తాయి అన్నదే దాని పేరూ, ప్రశ్నా. శాస్త్రజ్ఞుడు ఏ క్షణంలో పనిముట్టు కింద పెట్టి "ఇక చాలు, ఫలితం వచ్చేసింది" అంటాడు? ఆయన చెప్పే ఒక ఉదాహరణ నాకు చాలా ఇష్టం. 1915లో ఐన్‌స్టీన్, డి హాస్ అనే మరో శాస్త్రవేత్త కలిసి ఒక ఇనుప కడ్డీని అయస్కాంతంగా మారిస్తే అది ఎంత మెలితిరుగుతుందో కొలిచారు. వాళ్ళ సిద్ధాంతం ప్రకారం ఒక అంకె ఒకటికి సమానంగా రావాలి. దాదాపు ఒకటే వచ్చింది. అక్కడితో ఆపేశారు. తరవాత వేరేవాళ్ళు జాగ్రత్తగా కొలిస్తే అది రెండుకు దగ్గరని తేలింది. ఐన్‌స్టీన్ మోసగాడు కాదు. అనుకున్న జవాబు రాగానే ఇక వెతకాలనిపించదు, అంతే. ఇంత పెద్దవాడికే ఆ బలహీనత ఉంటే, "నీళ్ళు పరిమితిలోనే ఉన్నాయి" అన్న కాగితం మీద సంతకం పెట్టే అధికారికి ఉండదా? ఏ నెలలో, ఏ బోరులో, ఎంత లోతులో తీసిన నీళ్ళు, ఎన్నిసార్లు తీశారు, ఎప్పుడు ఆపారు అని మనం అడగడం శాస్త్రాన్ని అవమానించడమేమీ కాదు. శాస్త్రం తనను తాను అడుక్కోవలసిన ప్రశ్నలే అవి.

రెండో పెద్ద పుస్తకం 1997లో వచ్చిన ఇమేజ్ అండ్ లాజిక్. తొమ్మిదివందలకు పైగా పేజీలు. అందులో అణుకణాల ఫొటోలు తీసిన పరికరాల కథ ఉంది. స్త్రీలుగా మనం ఆగి చూడవలసిన చోటు ఇదే, అందుకని ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

కాస్మిక్ కిరణాలు ఆకాశం నుంచి నిరంతరం పడుతుంటాయి. ప్రత్యేకమైన ఫొటో ప్లేట్లను కొండల మీద నెలల తరబడి ఉంచితే, వాటిగుండా దూసుకుపోయిన కణాల జాడలు సన్నటి గీతలుగా పడతాయి. ప్లేటును కడిగి సూక్ష్మదర్శిని కింద పెట్టి అంగుళం అంగుళం వెతకాలి. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్ అనే భౌతికశాస్త్రవేత్త దగ్గర ఈ వెతికే పని చేసింది ఆడవాళ్ళు. రోజంతా కళ్ళు కాయలు కాచేలా చూడాలి. వాళ్ళను "స్కానర్లు" అనేవాళ్ళు, "స్కానింగ్ గర్ల్స్" అని కూడా. బియ్యంలో రాళ్ళేరడానికి ఏ ఓర్పు కావాలో అదే ఓర్పు దీనికీ కావాలి. ఆ ఓర్పును ఇంట్లో స్త్రీ స్వభావమంటారు, ప్రయోగశాలలో నైపుణ్యం అక్కర్లేని పనంటారు. 1947లో పయాన్ అనే కణం జాడ అలా దొరికింది. ప్లేటులో దాన్ని మొదట పట్టుకున్న కళ్ళు మారియెట్టా కుర్జ్ అనే స్కానర్‌వి. నోబెల్ బహుమతి 1950లో పావెల్‌కు వచ్చింది.

అసలు ఆ ప్లేట్ల పద్ధతిని పెంచి పెద్దచేసినామె మరొక మారియెట్టా. మారియెట్టా బ్లౌ 1894లో వియన్నాలో పుట్టింది. 1919లో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ సంపాదించి, వియన్నా రేడియం సంస్థలో ఏళ్ళ తరబడి జీతం లేకుండా పనిచేసింది. 1937లో ఆమె, హెర్తా వాంబాకర్ కలిసి ఆల్ప్స్ కొండల్లో ఇన్స్‌బ్రుక్ దగ్గర ఉంచిన ప్లేట్లలో, ఒక కేంద్రకం పగిలి నక్షత్రంలా చెదిరిన జాడలు చూశారు. మరుసటి సంవత్సరం హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించాడు. బ్లౌ యూదు స్త్రీ. ఊరు విడిచింది. ఐన్‌స్టీన్ సిఫారసుతో మెక్సికోలో ఉద్యోగం దొరికింది, కానీ పరిశోధన చేసే వసతి అక్కడ లేదు. సహచరి వాంబాకర్ నాజీ పార్టీ సభ్యురాలు. ఆడవాళ్ళందరూ సహజంగానే ఒక్కటి అని మనలో కొందరు అనుకుంటారే, వాళ్ళు ఈ జంటను గుర్తుపెట్టుకోవాలి. ష్రోడింగర్ నోబెల్‌కు బ్లౌ పేరు సూచించినా రాలేదు. 1970లో వియన్నాలోనే చనిపోయింది. గాలిసన్ ఆమె మీద ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. పరికరాల చరిత్ర రాయడం వల్ల ఆయనకు ఈమె కనిపించింది. సిద్ధాంతాల చరిత్ర మాత్రమే రాస్తే కనిపించేది కాదు. వంటింటి చరిత్ర రాస్తే గానీ మన అమ్మమ్మలు చరిత్రలోకి రానట్టే ఇదీ.

ఈ కథకు మన దేశంలోనూ ఒక అధ్యాయం ఉంది. కలకత్తాలో బిభా చౌధురి, తన గురువు డి.ఎం. బోస్‌తో కలిసి, 1938 తరవాతి సంవత్సరాల్లో డార్జిలింగ్ కొండల్లో ఇలాంటి ప్లేట్లనే ఉంచి కొత్త కణాల బరువు లెక్కకట్టింది. నేచర్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. యుద్ధం వల్ల మంచి ప్లేట్లు దొరకలేదు, పని అక్కడ ఆగింది. ఆ తరవాత బ్రిస్టల్ వాళ్ళకు మేలైన ప్లేట్లు దొరికాయి. ఆమె మాంచెస్టర్‌లో డాక్టరేట్ చేసి, 1949లో బొంబాయి టాటా పరిశోధనా సంస్థలో చేరిన మొదటి మహిళా పరిశోధకురాలైంది. మన సీమ సరిహద్దులోని కోలారు బంగారు గనుల లోతుల్లో జరిగిన ప్రయోగాలతోనూ ఆమెకు సంబంధం ఉంది. 1991లో చనిపోయేనాటికి ఆమె పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. 2018లో ఆమె మీద పుస్తకం వచ్చింది. 2019లో ఒక నక్షత్రానికి ఆమె పేరు పెట్టారు. బతికుండగా ఒక పురస్కారమిస్తే ఖర్చు తక్కువయ్యేది.

అదే పుస్తకంలో గాలిసన్ చెప్పిన ఇంకో ఆలోచనను ఇంగ్లీషులో "ట్రేడింగ్ జోన్" అంటారు. నేను దాన్ని "సంత" అంటాను. ఆదోని పత్తి మార్కెట్ చూసినవాళ్ళకు వివరించనక్కర్లేదు. తెలుగు రైతు, కన్నడ రైతు, ఉర్దూ మాట్లాడే హమాలీ, హిందీ మాట్లాడే కొనుగోలుదారు. ఒకరి పండగ ఒకరికి తెలియదు, పత్తి అంటే ఒక్కొక్కరికీ ఒక్కొక్క అర్థం. రైతుకది ఏడాది బతుకు, వ్యాపారికి బేళ్ళ లెక్క. అయినా తూకం, ధర, తరుగు దగ్గర అందరికీ అర్థమయ్యే ముక్కల భాష ఒకటి పుడుతుంది, బేరం తెగుతుంది. సిద్ధాంతం చెప్పేవాళ్ళు, ప్రయోగం చేసేవాళ్ళు, యంత్రాలు కట్టే ఇంజనీర్లు కూడా ఇలాగే పనిచేస్తారని ఆయన చూపించాడు. ఇక్కడ నా పేచీ ఒకటుంది. సంతలో తూకం ఎవరి చేతిలో ఉందన్న సంగతి మీద ఆయన మనం కోరినంతసేపు నిలవడు. ఆదోనిలో హమాలీ ఆడకూలీకి, కమిషన్ ఏజెంటుకి మధ్య కూడా భాష పుడుతుంది, నిజమే. కానీ ఆ భాషలో "కుదరదు" అన్న మాట ఒకరికే ఉంటుంది.

తరవాత లొరైన్ డాస్టన్ అనే చరిత్రకారిణితో కలిసి ఆయన 2007లో "ఆబ్జెక్టివిటీ" అనే పుస్తకం రాశాడు. నిష్పాక్షికత అనే భావనకు కూడా పుట్టుక, పెరుగుదల ఉన్నాయని దాని సారాంశం. వర్తింగ్టన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త పాలు, నీళ్ళు, పాదరసం చుక్కలు కిందపడి చిందే తీరును ఏళ్ళ తరబడి బొమ్మలు గీశాడు. ప్రతి బొమ్మా ముగ్గులా నాలుగు వైపులా సమంగా ఉండేది. 1890లలో ఫొటో తీస్తే చుక్కలు వంకరటింకరగా, ఒక్కొక్కటీ ఒక్కోలా చిందాయి. అన్నేళ్ళూ కళ్ళ ముందున్న వంకరను ఆయన మనసే చెరిపేసి అందంగా గీసింది. అయితే ఫొటో వచ్చాక గొడవ తీరిపోయిందా? లేదు. ఫొటోను చదవడానికి శిక్షణ పొందిన కన్ను కావాలి, ఏ ఫొటో అచ్చువెయ్యాలో ఎవరో తేల్చాలి. చిత్రం తనంతట తాను మాట్లాడదని ఇంత వివరంగా రాసినవాడే చివరికి సినిమాలు తియ్యడానికి పూనుకున్నాడు. అది నాకు ఆసక్తికరంగా తోచింది.

మొదటిది 2000లో హైడ్రోజన్ బాంబు తయారీ వివాదం మీద, పమేలా హోగన్‌తో కలిసి. దాని గురించి ఇప్పుడు మాట్లాడను. రాబ్ మాస్‌తో కలిసి 2008లో తీసిన "సీక్రెసీ" మనకు ముఖ్యం. అందులో ముగ్గురు వితంతువుల కేసు ఉంది.

1948 అక్టోబరులో అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని వేక్రాస్ దగ్గర ఒక సైనిక విమానం కూలిపోయింది. అందులో రహస్య పరికరాల పరీక్ష జరుగుతోంది. చనిపోయినవాళ్ళలో ముగ్గురు సైన్యానికి చెందని ఇంజనీర్లు. వాళ్ళ భార్యలు నష్టపరిహారం కోసం కోర్టుకెళ్ళి ప్రమాద నివేదిక చూపించమన్నారు. చూపిస్తే దేశభద్రతకు ముప్పు అని ప్రభుత్వం అంది. కింది కోర్టులు స్త్రీల వైపు నిలబడ్డాయి. 1953లో సుప్రీంకోర్టు, ఆ నివేదికను తానైనా తెరిచి చూడకుండానే, ప్రభుత్వం మాట నమ్మింది. అమెరికాలో "రాజ్య రహస్యం" అనే హక్కుకు ఆ తీర్పే పునాది అయింది, తరవాత ఎన్నో కేసుల్లో దాన్నే ఉదహరించారు. యాభై ఏళ్ళు గడిచాయి. చనిపోయిన ఇంజనీరొకరి కూతురు 2000లో ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే, అప్పటికి రహస్య జాబితా నుంచి తీసేసిన ఆ నివేదికే దొరికింది. అందులో దేశ రహస్యమేమీ లేదు. ఇంజన్‌కు మంటలంటుకోకుండా పెట్టాల్సిన కవచాలు పెట్టలేదని, పౌరులకు ప్రమాదంలో ఎలా తప్పించుకోవాలో సరిగా చెప్పలేదని ఉంది. దాచింది నిర్లక్ష్యాన్ని. కుటుంబాలు మళ్ళీ కోర్టుకెళ్ళాయి. మళ్ళీ ఓడిపోయాయి.

ఈ కథ వింటే ఆంధ్రదేశంలో మహిళా ఉద్యమంలో పనిచేసినవాళ్ళకు పటాన్‌చెరు గుర్తుకు రావాలి. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేద స్త్రీలకు నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్ ఇవ్వడానికి పూనుకున్నారు. అది ప్రయోగమని, దాని దుష్ఫలితాలు ఇవీ అని ఆ స్త్రీలకు సరిగా చెప్పలేదు. హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికెళ్ళి అడిగారు. 1986లో ఢిల్లీ సహేలీ వాళ్ళతో, ఇతరులతో కలిసి సుప్రీంకోర్టులో కేసు వేశారు. మా తరానికి సైన్సు, హక్కు, సమాచారం ఒకే ముడిగా తెలిసింది అక్కడే. దీపా ధన్‌రాజ్ 1991లో తీసిన "సమ్‌థింగ్ లైక్ ఎ వార్" సినిమా కూడా ఆ కాలానిదే. కుటుంబ నియంత్రణ శిబిరాల్లో స్త్రీల శరీరాలను లెక్కల్లోకి ఎలా దించారో ఆ సినిమా చూసినవాళ్ళు మరిచిపోలేరు. కాబట్టి విజ్ఞానశాస్త్రాన్ని కెమెరాతో ప్రశ్నించడం హార్వర్డ్‌లో పుట్టిన విద్య అని నేననను.

అణుశక్తి దగ్గర ఈ ముడి ఇంకా బిగుసుకుంటుంది. 1962లో చేసిన అణుశక్తి చట్టం 18వ సెక్షను, సమాచారం బయటపెట్టకుండా ఆపే అధికారం కేంద్రానికిచ్చింది. 1995లో అణుశక్తి నియంత్రణ మండలి మన అణుకేంద్రాల్లో దాదాపు 130 భద్రతా సమస్యలు గుర్తించి నివేదిక తయారుచేసింది. దాన్ని బయటపెట్టమని పౌరహక్కుల ప్రజాసంఘం, అంటే పి.యు.సి.ఎల్., బొంబాయి హైకోర్టుకు, తరవాత సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2004లో సుప్రీంకోర్టు కాదంది. వేక్రాస్ వితంతువుల కేసుకీ దీనికీ మధ్య యాభై ఏళ్ళు, ఒక మహాసముద్రం ఉన్నాయి. తర్కం ఒక్కటే. మరుసటి ఏడాదే, 2005లో, మనకు సమాచార హక్కు చట్టం వచ్చింది. దాన్ని వాడుతున్నవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు.

ఇప్పుడు తుమ్మలపల్లి. గాలిసన్, మాస్ 2015లో తీసిన "కంటైన్‌మెంట్" సినిమాను తుమ్మలపల్లి తెలియకుండా చూడవచ్చు, అమెరికాలో అలాగే చూశారు. మనం చూడలేం.

ఆ సినిమాలో మూడు చోట్లున్నాయి. బాంబుల కోసం ప్లుటోనియం తయారుచేసిన సవన్నా నది ప్రాంతం. 2011 ప్రమాదం తరవాతి ఫుకుషిమా. మూడోది న్యూమెక్సికోలో కార్ల్స్‌బాడ్ దగ్గర ఉప్పు పొరల్లో, 650 మీటర్ల లోతున తవ్విన అణువ్యర్థాల గిడ్డంగి, 1999లో తెరిచారు. పదివేల సంవత్సరాల పాటు మనుషులెవరూ ఆ చోటు తవ్వకుండా చూడాలని చట్టం. పదివేల ఏళ్ళ తరవాత ఏ భాష ఉంటుంది? ఇంగ్లీషుంటుందా? దానికోసం 1990లలో ప్రభుత్వం భాషావేత్తలను, మానవశాస్త్రజ్ఞులను, కళాకారులను, సైన్స్ కథలు రాసేవాళ్ళను కూర్చోబెట్టింది. నేల నిండా రాతి ముళ్ళు నాటుదామని ఒకరు, భయపడే ముఖాలు చెక్కుదామని ఇంకొకరు. మన బృహచ్ఛిలాయుగపు సమాధులు మూడువేల ఏళ్ళ నాటివి కూడా సరిగా కాదు, వాటి మీద రాళ్ళు పేర్చినవాళ్ళు ఏం చెప్పదలచుకున్నారో మనకు తెలియదు. అంతకు మూడింతల కాలం. ఇంత జాగ్రత్తా పెట్టిన గిడ్డంగిలో 2014 ఫిబ్రవరిలో ఒక పీపా పగిలి రేడియోధార్మికత పైదాకా వచ్చింది. కారణం, వ్యర్థాల్లో తేమ పీల్చడానికి ఖనిజపు పొడికి బదులు మొక్కల నుంచి చేసిన పిల్లిమట్టి కలపడం. పెంపుడు పిల్లులకు వేసే మట్టి! పదివేల ఏళ్ళ ప్రణాళిక పదిహేనో ఏట ఒక కొనుగోలు చీటీ దగ్గర తప్పింది.

మరి మన వేముల మండలం. తుమ్మలపల్లి గనికి 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, 2007 నవంబరులో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి మొదలు. 2011లో ఇది ప్రపంచంలోనే అతిపెద్ద నిల్వల్లో ఒకటి కావచ్చని అణుశక్తి సంఘం అధ్యక్షుడు ప్రకటించాడు. పత్రికలు సంబరపడ్డాయి. సంబరంలో ఒక అంకె మరుగున పడింది. ఇక్కడి ఖనిజంలో యురేనియం నూటికి 0.04 పాళ్ళు. టన్ను రాయి తవ్వితే నాలుగువందల గ్రాములు. మిగిలిన తొమ్మిదివందల తొంభై తొమ్మిది కిలోల పైచిలుకు పొడి ఎక్కడికి పోవాలి? జాదూగూడలో ఆమ్లంతో కరిగిస్తారు. ఇక్కడిది డోలమైట్, సున్నపు జాతి రాయి, ఆమ్లాన్ని రాయే తినేస్తుంది. అందుకని దేశంలో మొదటిసారి సోడా కలిపి, వేడి, ఒత్తిడి కింద యురేనియాన్ని లాగే పద్ధతి పెట్టారు. మిగిలిన బురద గొట్టాల్లో కొట్టాల వైపున్న చెరువుకు పోతుంది. దాన్ని మీరందరూ టైలింగ్ పాండ్ అంటారు. యురేనియం తీసేశారు కదా, ఇంకేముంది అనుకోకండి. ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులోని రేడియం సగం తరగడానికి 1600 ఏళ్ళు. థోరియం-230 సగం తరగడానికి 75 వేల ఏళ్ళు. న్యూమెక్సికోలో 650 మీటర్ల లోతున దాచే వ్యర్థం వేరు రకం, అంతకంటే ప్రమాదకరం, ఆ తేడా మనం నిజాయితీగా చెప్పాలి. కానీ అక్కడ పదివేల ఏళ్ళకు ముళ్ళ రాళ్ళు గీస్తుంటే, ఇక్కడ ఆరుబయట ఎండే బురద చెరువు పక్కన మనం అరటి పిలకలు నాటుతున్నాం, ఎనుములను మేపుతున్నాం.

చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బోరు నీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని ఫిర్యాదు చేశారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, చెరువు అడుగున వెయ్యవలసిన పొర విషయంలో షరతులు పాటించలేదంటూ కంపెనీకి నోటీసు ఇచ్చింది. చెరువు వల్ల నీళ్ళు చెడలేదని కంపెనీ చెబుతూ వచ్చింది. ఇద్దరిలో ఎవరిది నిజం? ఇక్కడే గాలిసన్ మొదటి పుస్తకానికి తిరిగి వెళ్ళాలి. గని రాకముందు ఆ బోర్లలో యురేనియం ఎంత ఉండేదో కొలిచారా, కొలిస్తే ఆ కాగితాలు ఎక్కడ? యురేనియం ఉన్న నేలలో సహజంగానే నీళ్ళలో కొంత ఉంటుంది, కంపెనీ వాదన కూడా అదే. మరి ఆ వాదన నిలవాలన్నా ముందటి కొలతలు బయటపెట్టాలి కదా. నీళ్ళు మోసేది, ఆ నీళ్ళతో వండేది, తడి మడిలో వంగి కలుపు తీసేది ఆడవాళ్ళు. ఏ బోరు ఏ ఏడాది రుచి మారిందో, ఏ ఎండాకాలం పప్పు ఉడకడం మానేసిందో వాళ్ళకు తెలుసు. ప్లేట్లు వెతికిన మారియెట్టా కుర్జ్‌కు ఉన్నది ఆ తెలివే. దాన్ని తేదీతో సహా రాసిపెడితే అది సాక్ష్యం, రాయకపోతే ఆడవాళ్ళ గోల.

జాదూగూడ మీద శ్రీప్రకాశ్ 1999లో "బుద్ధా వీప్స్ ఇన్ జాదూగూడ" తీశాడు. ఆదివాసులతో ఉండి, వాళ్ళ నోటితోనే చెప్పించిన సినిమా అది. "కంటైన్‌మెంట్" కంటే డబ్బు చాలా తక్కువ, అందం తక్కువ. రెండూ పక్కపక్కన పెట్టి చూడమని నా సలహా. గాలిసన్ సినిమా కాలం గురించి అద్భుతంగా ఆలోచింపజేస్తుంది, కానీ భవిష్యత్తులో పుట్టబోయే మనిషి మీద ఉన్నంత బెంగ ఇప్పుడు ఆ గొట్టం పక్కన ఉన్న మనిషి మీద కొన్నిచోట్ల కనిపించదు. శ్రీప్రకాశ్‌కు ఆ మనిషి తప్ప వేరే విషయమే లేదు.

ఆయన తీసిన "బ్లాక్ హోల్స్" 2020లో వచ్చింది. కృష్ణబిలం మొదటి చిత్రం తీసిన బృందం కథ, అందులో ఆయన స్వయంగా సభ్యుడు. 2019 ఏప్రిల్ 10న ఆ చిత్రం విడుదలైంది. నాలుగు జట్లు ఒకరితో ఒకరు మాట్లాడకుండా విడివిడిగా చిత్రాన్ని తయారుచేసి, తరవాత పోల్చి చూసుకున్నారు. నీళ్ళ పరీక్షకు కూడా ఇలాంటి పద్ధతి ఉంటే ఎంత బాగుండును. ఆ బృందంలోని కేటీ బౌమన్ అనే యువతి ఫొటో ప్రపంచమంతా పాకగానే, ఆమె పని ఆమెది కాదంటూ మగవాళ్ళు ఇంటర్నెట్‌లో ఎంత విషం కక్కారో కూడా చెప్పుకోవాలి. మారియెట్టా బ్లౌ కాలానికి, ఈ కాలానికి తేడా, బౌమన్ పక్కన ఆమె సహోద్యోగులు వెంటనే నిలబడ్డారు.

ఇలా భౌతికశాస్త్రం, చరిత్ర, సినిమా మూడింటినీ కలపడానికి హార్వర్డ్‌లో ఆచార్య పదవి, మెకార్థర్ ఫెలోషిప్, మగవాడన్న సౌలభ్యం ఉంటే తేలికే అని మీరంటే కాదనను. అందుకే ఇంకో పేరు చెబుతాను. జాహ్నవీ ఫాల్కే. భారతదేశపు అణుశాస్త్రం ఎలా పుట్టిందో 2013లో పుస్తకం రాసింది. 2020లో "సైక్లోట్రాన్" అనే సినిమా తీసింది. అమెరికాలోని రోచెస్టర్‌లో 1936లో కట్టిన యంత్రమొకటి చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడ ఏళ్ళ తరబడి ఎలా పనిచేస్తూ ఉందో చూపించే సినిమా. ఆమె చదువు మొదలైంది రాజనీతిశాస్త్రంతో, భౌతికశాస్త్రంతో కాదు. గ్రూపు తప్పింది కదా అని ఆగలేదు. బెంగళూరు సైన్స్ గ్యాలరీకి స్థాపక డైరెక్టర్ అయింది.

కర్నూలు జిల్లా వాళ్ళకు ఒక మాట. 2024 నవంబరులో దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారన్న వార్త రాగానే ఊళ్ళకు ఊళ్ళు రోడ్డెక్కాయి. తవ్వకాలుండవని అధికారులు ప్రకటించారు. మంచిది. ఆ ప్రకటన కాగితం మీద ఉందా, ఎవరి సంతకంతో ఉంది, అన్నది సమాచార హక్కు కింద అడిగి తెచ్చుకోండి. తవ్వకం లేని ఈ సమయంలోనే మీ ఊరి బోర్ల నీళ్ళు పరీక్ష చేయించి, ఫలితాలు పంచాయతీ రికార్డులో పెట్టించండి. వేములవాళ్ళ దగ్గర లేనిది ఆ ముందటి కొలతే.

మధ్యాహ్నం భోజనాల తరవాత "కంటైన్‌మెంట్" చూపిస్తాం. ఇంగ్లీషులో ఉంది, మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెబుతాను. తుమ్మలపల్లి, మబ్బుచింతలపల్లి, కొట్టాల నుంచి వచ్చినవాళ్ళు నీళ్ళ పరీక్ష కాగితాలు, పాత కరెంటు బిల్లులు, బోరు వేయించిన రశీదులు, ఏది ఉన్నా వెనక బల్ల దగ్గర ఇవ్వండి. జెరాక్స్ తీసి వెంటనే వాపసిస్తాం. కాగితాల్లేనివాళ్ళు బోరు ఏ ఏడాది వేశారో, నీళ్ళు ఎప్పుడు మారాయో చెబితే చాలు, రాసుకునేందుకు ఇద్దరు అమ్మాయిలు కూర్చుని ఉంటారు.